ఈసారి రెండో వరుసలో కూర్చుందాం

చిరంజీవులు అమ్మలుకీ, చిన్నాకీ,

అమ్మమ్మ దీవించి రాయునది. మీరంతా క్షేమమని తలుస్తాను. నేనూ క్షేమమే. నా మోకాలు మాత్రం శనివారం రాత్రి ఇనప కుర్చీలో మూడు గంటలు కూర్చోబెట్టినందుకు ఇంకా అలక మానలేదు.

చిన్నా, రెజ్లింగ్ చూసొచ్చానని ఫోన్లో చెప్పగానే నువ్వేమన్నావో గుర్తుందా? "అమ్మమ్మా, అదంతా ఉత్తుత్తిదే కదా, ఎవరు గెలుస్తారో వాళ్లకి ముందే తెలుసట!" అన్నావు. వెనక అమ్మలు కిసుక్కున నవ్వడం కూడా నాకు వినబడింది. అవున్రా, వాళ్లకి ముందే తెలుసు. వాళ్లకి తెలుసన్న సంగతి నాకూ తెలుసు. అయినా లేచి నిలబడి గొంతు బొంగురుపోయేదాకా అరిచాను. ఎందుకరిచానో ఫోన్లో చెబితే సగంలో మీ అమ్మ లాక్కుంటుంది, అందుకని ఉత్తరం రాస్తున్నాను.

ముందు మీ బుర్రలోంచి టీవీలో చూసిన రెజ్లింగ్ తీసేయండి. బాణసంచా, పెద్ద పెద్ద తెరలు, వేలమంది జనం, అవేవీ ఇక్కడుండవు. ఏదో ఒక సంఘం వాళ్ల హాలో, బడిలో ఆటల గదో. మధ్యలో రింగు, చుట్టూ నాలుగైదు వరుసల మడత కుర్చీలు, మహా అయితే రెండొందల మంది. ఓ మూల నల్లగుడ్డ కట్టి ఉంటుంది, రెజ్లర్లు ఆ గుడ్డ తొలగించుకునే వస్తారు. టీవీలో వచ్చే డబ్ల్యూడబ్ల్యూఈ అనే పెద్ద కంపెనీతో ఒప్పందం లేకుండా, ఇవాళ ఒక హాల్లో రేపు ఇంకో హాల్లో, సొంత కారు నడుపుకుంటూ తిరిగేవాళ్లు వీళ్లు. ఇండిపెండెంట్ రెజ్లింగ్ అంటారు దీన్ని. మాలాంటి అభిమానులకి ఒట్టి 'ఇండీ' చాలు.

నేను ఎప్పుడూ గంటన్నర ముందే వెళతాను. రింగు బిగించడం చూడాలని నా పిచ్చి. ఆ పని చేసేది కూలివాళ్లు కాదు, రెజ్లింగ్ నేర్చుకుంటున్న పిల్లలు. నాలుగు మూలలా ఇనప స్తంభాలు నిలబెట్టి, వాటి మధ్య దూలాలు కలిపి, మీద చెక్కలు పరుస్తారు. చెక్కల మీద పల్చటి ఫోమ్, దానిమీద లాగి కట్టిన కాన్వాసు గుడ్డ. అంతే. పరుపు ఉంటుందని అనుకుంటారు చాలామంది. నేనూ అనుకున్నాను, ఓసారి అడిగి వేలితో నొక్కి చూసేదాకా. మన మంచం కింద చెక్కకి దుప్పటి చుట్టినట్టుంది! తాళ్లయితే చాలా చిన్న సంస్థల్లో తాళ్లే కావు, రబ్బరు గొట్టంలో దూర్చిన ఇనప తీగ, పైన టేపు. కొత్తగా నేర్చుకునేవాళ్లకి వాటి మీదకి ఉరికి ఉరికి చంక కిందా వీపునా కమిలిపోయి ఉంటుంది. పెద్ద కంపెనీ రింగు ఒక్కో వైపు 20 అడుగులుంటే, వీళ్లది 16, 18 అడుగులు. హాలు ఎంతుంటే అంత మరి. రింగు కింద ఖాళీ ఉంటుంది గనక మనిషి పడగానే డప్పు మీద కొట్టినట్టు మోగుతుంది. ఆ మోత సగం చెక్కలది. మిగతా సగం మటుకు మనిషిదే.

పడటం కూడా ఒక విద్య. దానికి 'బంప్' అని పేరు. గడ్డం ఛాతీకి ఆనించాలి, లేకపోతే తల వెనక్కి వాలి నేలకి కొట్టుకుంటుంది. వీపంతా ఒకేసారి తగలాలి, అదే క్షణంలో రెండు అరచేతులతో నేలని చరచాలి. దెబ్బ ఒకచోట గుచ్చుకోకుండా ఒంటినిండా పరుచుకుంటుంది. రెజ్లింగ్ బళ్లో చేరిన పిల్లలు నెలల తరబడి చేసేది ఇదే, పడటం, లేవడం, మళ్లీ పడటం. చిన్నా, ఇది చదివి నువ్వు మంచం మీంచి దూకావని తెలిస్తే మాత్రం మీ అమ్మకంటే ముందు నేనే వస్తాను.

ఛాతీ మీద అరచేత్తో కొట్టే దెబ్బ ఉందే, అందులో నటన ఏమీ లేదు. శనివారం ఒక బక్కపలచటి అబ్బాయి ఆరు తిన్నాడు. నేను లెక్కపెట్టాను. ఐదు వేళ్లూ ముందు తెల్లగా అచ్చుపడి, మనం చూస్తుండగానే ఎర్రగా పొంగాయి. ఎవరు గెలవాలన్నది ముందే అనుకున్నదే గానీ, అంతమాత్రాన చర్మం ఒప్పుకుంటుందా?

ఇప్పుడు అసలు సంగతి చెబుతాను, ఇది టీవీలో కనిపించదు. అమ్మలూ, నువ్వు జాగ్రత్తగా చదువు. ఆ రాత్రి అన్నిటికంటే బాగున్నది ఇద్దరు అమ్మాయిల పోటీ. ఒకతి మంచిది, ఒకతి గయ్యాళి. మంచి పిల్ల తాళ్ల మధ్యనుంచి బయటికి ఎగిరి, అనుకున్నచోట కాకుండా మా వరుస ముందు నేల మీద భుజం తగిలేలా పడింది. హాలంతా ఒక్క క్షణం చప్పుడు లేదు. గయ్యాళి దిగి వచ్చి జుట్టు పట్టి తల పైకి లేపింది. మేమంతా ఛీ కొట్టాం. నాకు నాలుగడుగుల దూరం. ఆ జుట్టు పట్టుకున్న చెయ్యి నిజానికి మెడని కింద నుంచి మోస్తోంది. చెవి దగ్గర పెదవులు కదిలాయి. కింద ఉన్న పిల్ల గయ్యాళి మణికట్టుని రెండుసార్లు నొక్కింది. వెంటనే గయ్యాళి మావైపు తిరిగి "ఏంటి చూస్తున్నారు, నోళ్లు మూయండి!" అని గావుకేక పెట్టింది. జనం చూపంతా తనమీదకి తిప్పుకుంది. ఆ కాసేపట్లో రెండో పిల్ల ఊపిరి తీసుకుని, భుజం కదిపి చూసుకుని, లేచింది.

చూశారా? కొట్టుకుంటున్నట్టు కనిపించే ఇద్దరూ ఆ పదిహేను నిమిషాలూ ఒకరి ప్రాణం ఒకరి చేతిలో పెట్టుకుని ఉంటారు. ఎత్తినవాడు దించేదాకా ఎత్తబడ్డవాడి మెడ వాడి బాధ్యత. ఆ నమ్మకం కుదరాలనే పట్లకి కూడా పద్ధతి పెట్టుకున్నారు. అమెరికాలో ఎడమ చెయ్యి, ఎడమ కాలు పట్టడం ఆనవాయితీ, మెక్సికోలో కుడివైపు. ముక్కూమొహం తెలియని ఇద్దరు అరగంట ముందు కలుసుకుని రింగెక్కినా ఎటు తిరగాలో తడబడరు. రిఫరీ ఒకటీ రెండూ లెక్కపెట్టడానికే ఉన్నాడనుకోకండి. ఎంత సమయం మిగిలిందో గుసగుసగా చెప్పేదీ, పడ్డవాడి చెయ్యి పట్టుకుని బాగానే ఉన్నావా అని నొక్కి చూసేదీ అతనే. నిజంగా దెబ్బ తగిలిందంటే రెండు చేతులూ తలపైన ఎక్స్ గుర్తులా అడ్డంగా పెడతాడు. శనివారం ఆ చేతులు పైకి లేస్తాయేమోనని నా గుండె కాసేపు కొట్టుకోలేదు. లేవలేదు.

ఇదంతా ఒకప్పుడు కంటికి రెప్పలా దాచేవారు. ఆ రహస్యానికి వాళ్ల భాషలో 'కేఫేబ్' అని పేరు. హీరో, విలన్ బయట ఒకే బల్ల దగ్గర కూర్చోకూడదు, ఒకే కారెక్కకూడదు. పుట్టిందేమో ఊరూరా గుడారాలేసుకుని తిరిగిన ప్రదర్శనల్లో, అక్కడ గుట్టు విప్పితే పొట్ట కొట్టుకున్నట్టే. మరి చివరికి రహస్యం బయటపెట్టిందెవరు? పెద్ద కంపెనీ వాళ్లే. 1989లో న్యూజెర్సీ రాష్ట్ర సెనేట్ ముందు, మాది పోటీ కాదు, వినోదమే అని చెప్పుకున్నారు. క్రీడ కాదంటే క్రీడల కమిషన్ అజమాయిషీ తప్పుతుంది, పన్నూ తగ్గుతుంది! చిన్నా, నువ్వేదో గుట్టు పట్టేసినట్టు ఫోన్లో చెప్పావు గానీ, అది మీ అమ్మ చిన్నప్పుడే పేపర్లకెక్కిన సంగతి.

మెక్సికో వాళ్లది మరీ పట్టుదల. అక్కడ ముసుగే మొహం. ఎల్ సాంతో అని వెండి ముసుగు రెజ్లర్ ఉండేవాడు. 1984లో పోయినప్పుడు ఆ ముసుగుతోనే పూడ్చిపెట్టారు.

ఇలాంటి చిన్న హాళ్లలోంచి వచ్చినవాళ్ల కథలు నాకు ఇష్టం, అన్నీ రాస్తే మీకు నిద్రొస్తుంది, ఒకట్రెండు చాలు. 2002 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియాలో రింగ్ ఆఫ్ ఆనర్ అనే కొత్త చిన్న సంస్థ మొదటి ప్రదర్శన పెట్టింది. ఆ రాత్రి ఆఖరి పోటీలో ఉన్న ముగ్గురిలో బ్రయన్ డేనియల్సన్ ఒకడు. అదే మనిషి 2014లో పెద్ద కంపెనీ ఏటా జరిపే రెజిల్‌మేనియా ఆఖరి పోటీ గెలిస్తే చూడటానికి 75 వేల మంది వచ్చారని కంపెనీ ప్రకటించింది. ఇంకోటి. 2017లో ఎవరో అడిగారు, ఈ రింగ్ ఆఫ్ ఆనర్ ఎప్పటికైనా పదివేల మంది పట్టే హాలు నింపగలదా అని. ఓ పాత్రికేయుడు ఇప్పట్లో జరగదన్నాడు. కోడీ రోడ్స్ అనే రెజ్లరూ, యంగ్ బక్స్ పేరుతో ఆడే ఇద్దరు అన్నదమ్ములూ కలిసి, పెద్ద కంపెనీ ప్రమేయం లేకుండా, 2018 సెప్టెంబరు 1న షికాగో దగ్గర 'ఆల్ ఇన్' అనే ప్రదర్శన పెట్టారు. అరగంట లోపే టికెట్లన్నీ అయిపోయాయి. ఎవరు కొన్నారనుకున్నారు? మాలాగా మడత కుర్చీల్లో నడుములు పట్టేసినవాళ్లు.

మనం అక్కడ ఏం చెయ్యాలో చెప్పాలిగా. విలన్ని తిట్టాలి. వాడు కష్టపడేది దానికోసమే. దుశ్శాసనుడి వేషగాడికి జనం దండ వేసి మెచ్చుకుంటే ద్రౌపది గతేం కావాలి? జనం మండిపడటాన్ని 'హీట్' అంటారు, హాలు ఒక్కసారిగా హోరెత్తితే 'పాప్'. వాళ్ల చెవులు దానిమీదే ఉంటాయి. జనం చల్లబడ్డారనిపిస్తే అనుకున్నది పక్కన పెట్టి, అక్కడికక్కడే ఇంకో దెబ్బ, ఇంకో ఎత్తు అందుకుంటారు. రెండొందల మందిలో ఒక్క గొంతు కూడా లెక్కలోకి వస్తుంది. టీవీ ముందు నువ్వు ఎంత అరిచినా అవతలివాడికి వినబడదు కదా. జపాన్లో అయితే అభిమానులు రంగు కాగితపు రిబ్బన్లు రింగులోకి విసురుతారు, నేర్చుకునే పిల్లలు గబగబా ఏరేస్తారు. నాకు అది చూడాలని కోరిక.

తిట్టడానికీ హద్దుంది. పాత్రని తిట్టాలి, మనిషి ఒంటినీ రంగునీ ఇంట్లోవాళ్లనీ కాదు. రెజ్లర్లని ముట్టుకోకూడదు. వాళ్లు మనవైపు ఊగుతూ వస్తుంటే కుర్చీ వదిలి పక్కకి తప్పుకోవాలి, సంచీ గురించి ఆలోచించకూడదు. తెలిసిన గుట్టు పైకి అరవకూడదు. ఈ చివరిది నేను చేసిన తప్పే. మొదటిసారి వెళ్లినప్పుడు కింద గుడ్డ కదలడం చూసి, "రింగు కింద ఎవడో ఉన్నాడు!" అని హాలంతా వినబడేలా అరిచాను. హీరో స్నేహితుడు పోటీ చివర్లో బయటికొచ్చి అందర్నీ ఆశ్చర్యపరచాలని దాక్కున్నాడట, పాపం, అప్పటికి గంటన్నరగా! వాడు బయటికొచ్చేసరికి అందరూ నన్ను చూసి నవ్వారు.

నాకు నచ్చనిదీ ఉంది. గాజు ట్యూబులూ ముళ్లతీగలూ పెట్టి నెత్తుర్లు కారేలా కొట్టుకునే పోటీలు కొందరు పెడతారు. అవి మొదలవగానే నేను బయటికి వెళ్లి నడుం చాపుకుంటాను. చూసేవాళ్ల ఇష్టం వాళ్లది, మిమ్మల్ని మాత్రం తీసుకెళ్లను.

విరామంలో గోడ పక్కన బల్లలు వేస్తారు. టీషర్టులూ ఫొటోలూ రెజ్లర్లే అమ్ముకుంటారు. కొత్తవాళ్లకి రింగులో ముట్టేది ఒక్కోసారి పెట్రోలుకే చాలదు, ఈ బల్లే వాళ్ల జీతం. శనివారం నన్ను "ఏయ్ ముసలమ్మా, ఇంటికెళ్లి పడుకో!" అని మైకులో అన్న విలన్ బల్ల దగ్గరికే వెళ్లాను. నా ముందు ఏడెనిమిదేళ్ల పిల్లాడు ఫొటో పట్టుకుని వణుకుతున్నాడు. విలన్ నవ్వలేదు. కళ్లు ఉరిమి చూసి, "నీ పేరేంటి?" అని గద్దించి, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి సంతకం పెట్టి, ఫొటోని బల్లమీద విసిరినట్టు పెట్టాడు. పిల్లాడు ఎగిరి గంతేశాడు. నేను వంగి చూస్తే బల్ల కింద మోకాలికి మంచు సంచీ కట్టి ఉంది. నా మోకాలు చూపించాను. ఇటూ అటూ చూసి, పెదవి కదపకుండా, "ఇరవై నిమిషాలు పెట్టి తియ్యండి, ఎక్కువసేపు ఉంచకండి" అన్నాడు. వెంటనే గొంతు పెంచి, "కొంటావా, దారి తప్పుకుంటావా?" అన్నాడు. టీషర్టు కొన్నాను. చిన్నా, అది నీకే, పంపిస్తున్నాను. కొంచెం వదులవుతుంది.

వచ్చే నెల రెండో శనివారం మళ్లీ ఉంది. మీ సెలవులు అప్పటికి మొదలవుతాయిగా, నా పక్కన రెండు కుర్చీలు చెప్పి ఉంచాను. మొదటి వరుస కాదు, రెండోది. మొదటి వరుస మీద ఎప్పుడు ఎవరు వచ్చి పడతారో తెలియదు, లేచి పరిగెత్తడానికి నా మోకాలు ఒప్పుకోదు. ఆ విలనూ వస్తున్నాడు. ముసలమ్మా అన్నందుకు వాడికి ఓ జవాబు తయారుచేసి పెట్టుకున్నాను. ఇక్కడ రాద్దామనుకున్నాను గానీ, ఉత్తరం ముందు మీ అమ్మ చదువుతుంది.

ఇట్లు
మీ అమ్మమ్మ