నర్సరీ నుంచి తెచ్చిన మొక్క: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్ నర్సరీలకు వచ్చే మొక్కల్లో చాలావాటి పుట్టిల్లు తూర్పు గోదావరి జిల్లా కడియం. అక్కడి తేమగాలిలో, ఎండను తగ్గించే షేడ్‌నెట్ కింద పెరిగిన మొక్క లారీ దిగి మన ఏప్రిల్ పొడిగాలిలోనో ఏసీ గదిలోనో పడ్డాక కొన్ని ఆకులు పండి రాలిపోతాయి. అది రోగం కాదు. ఆ కంగారులో మనం చేసే సేవలే దాని ప్రాణం మీదికి తెస్తాయి.

అపోహ: తెచ్చిన రోజే పెద్ద కుండీలోకి మార్చాలి.

వాస్తవం: రెండు వారాలు కదపకండి. కుండీ మారిస్తే నీళ్లు పీల్చే సన్నని వేర్లు తెగుతాయి. అసలే తడబడుతున్న మొక్కకు అది రెండో దెబ్బ. మార్చేటప్పుడు కూడా కొత్త కుండీ పాతదానికంటే ఒకటి రెండు అంగుళాలు వెడల్పుంటే చాలు. మరీ పెద్దదైతే వేర్లు చేరని మట్టి రోజుల తరబడి తడిగా ఉండి, కుళ్లు మొదలవుతుంది.

ఒక్క సందర్భంలో ఆగకూడదు. కవర్‌లోని ఎర్రమట్టి గట్టి ముద్దలా బిగుసుకుని, పోసిన నీళ్లు లోపలికి ఇంకకుండా అంచుల వెంట జారిపోతుంటే వెంటనే మార్చాలి. ముద్దను పది నిమిషాలు బకెట్ నీళ్లలో నానబెట్టి, అంచుల మట్టిని వేళ్లతో మెల్లగా రాల్చండి. రెండు పాళ్లు కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు), ఒక పాలు వర్మీకంపోస్ట్ (వానపాముల ఎరువు), ఒక పాలు పెర్లైట్ (తేలికైన తెల్లని గుళికలు) లేదా ముతక ఇసుక కలిపి నింపండి. కోకోపీట్ ఇటుకను నానబెట్టి రెండుసార్లు కడిగి పిండండి, అందులోని ఉప్పు పోతుంది.

అపోహ: అడుగున గులకరాళ్లు పోస్తే నీళ్లు బాగా దిగుతాయి.

వాస్తవం: పైనున్న మట్టి పూర్తిగా తడిసి నిండేదాకా నీరు రాళ్లలోకి దిగదు. అంటే ఆ తడి పొర వేర్లకు ఇంకాస్త దగ్గరవుతుంది. రంధ్రం మీద చిన్న జాలీ ముక్క చాలు.

అపోహ: రోజూ ఒక గ్లాసు నీళ్లు పోయాలి.

వాస్తవం: ఎక్కువ ఇంటి మొక్కలు చచ్చేది ఇక్కడే. వేర్లకు గాలి కావాలి. మట్టి ఎప్పుడూ తడిగా ఉంటే అవి ఊపిరాడక కుళ్లుతాయి. కుళ్లిన వేరు నీళ్లు పీల్చలేదు కాబట్టి ఆకులు వాలతాయి. దాహమనుకుని ఇంకాస్త పోస్తాం. ఆకులు వాలి, మట్టి తడిగా ఉంటే నీళ్లు ఆపాలి. మనీ ప్లాంట్‌కైతే వేలు రెండు అంగుళాలు గుచ్చి చూడండి, పొడిగా ఉంటేనే అడుగు నుంచి కారేదాకా పోసి, ప్లేటులో నిలిచినవి పారబోయండి. స్నేక్ ప్లాంట్, జీజీ (ZZ) ప్లాంట్‌లకు మట్టి పూర్తిగా ఎండాలి. వానాకాలంలో మట్టి ఆలస్యంగా ఆరుతుంది, మే నెల లెక్క అప్పుడు పనికిరాదు.

అపోహ: ఇండోర్ మొక్కకు వెలుతురు అక్కర్లేదు.

వాస్తవం: పగలు లైటు వేయకుండా పేపరు చదవగలిగే చోటే దాని చోటు. తూర్పు కిటికీ ఉత్తమం. పడమటి ఎండ వేసవిలో ఆకులను మాడుస్తుంది.

అపోహ: నాలుగు మొక్కలు పెడితే గదిలో గాలి శుభ్రమవుతుంది.

వాస్తవం: ఈ మాటకు మూలమైన 1989 నాటి నాసా పరిశోధన మూసేసిన చిన్న పెట్టెల్లో జరిగింది. మామూలు ఇంట్లో కిటికీ తెరిస్తే అంతకంటే ఎక్కువ మేలు.

అపోహ: కొత్త మొక్కకు వెంటనే ఎరువు వేయాలి.

వాస్తవం: కొత్త ఆకు విచ్చుకునేదాకా వద్దు. ముందు తొడిమల మొదళ్లలో దూదిలా కనిపించే పిండినల్లి పురుగు ఉందేమో వెతకండి. రెండు వారాలు మిగతా మొక్కలకు దూరంగా పెట్టండి. పిండినల్లి కనిపిస్తే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొన్ని చుక్కల లిక్విడ్ సోప్ కలిపి, సాయంత్రం పూట ఆకుల అడుగుభాగం తడిసేలా, వారానికోసారి చొప్పున మూడు వారాలు కొట్టండి.