వగరు తెలిసిన నాలుకకు బోర్డో వైన్

జాంపిందె కొరికితే నాలుక గరుకెక్కుతుంది, బుగ్గలు లోపలికి లాగినట్టవుతుంది. అది కాయలో ఉండే టానిన్లనే పదార్థాల పని. లాలాజలంలో నోటిని జారుడుగా ఉంచే ప్రోటీన్లుంటాయి. టానిన్లు వాటిని పట్టుకుని ముద్ద కట్టిస్తాయి, నోరు పిడచకట్టుకుపోతుంది. అందుకే శాస్త్రవేత్తలు వగరును రుచి కన్నా ఎక్కువగా స్పర్శ అంటారు. మనం మాత్రం షడ్రుచుల్లో దానికో చోటిచ్చాం. చిక్కటి రెడ్ వైన్ గురించి మాట్లాడాలంటే నా దృష్టిలో ఇంతకన్నా పనికొచ్చే మాట లేదు.

ఫ్రాన్స్‌లోని బోర్డోలో రెడ్ వైన్‌ని చాలావరకు రెండు మూడు రకాల ద్రాక్షలతో కలిపి చేస్తారు. కాబర్నే సావిన్యో పండు చిన్నది, తోలు మందం. రంగంతా తోలులోనే, టానిన్లు తోలులోనూ గింజలోనూ ఉంటాయి కాబట్టి దాని వైన్ ముదురు రంగులో, గట్టి వగరుతో వస్తుంది. మెర్లో మెత్తన, ఆ వగరుకు కండ పడుతుంది. రంగు కోసం కొందరు పెటీ వెర్డో కొద్దిగా చేరుస్తారు. మరో రకం కాబర్నే ఫ్రాంక్ వీటికి దగ్గరి చుట్టం: కాబర్నే సావిన్యోని కన్నవారిలో అదొకటని 1997లో డీఎన్‌ఏ పరీక్షలు తేల్చాయి. మెర్లోని కన్నవారిలోనూ అది ఉందని తర్వాత తెలిసింది.

ఈ కలపడంలో రుచితో పాటు రైతు జాగ్రత్త కూడా ఉంది. మెర్లో ముందే చిగురిస్తుంది, వసంతంలో మంచు కురిస్తే దెబ్బతింటుంది. కాబర్నే సావిన్యో ఆలస్యంగా పండుతుంది, కోతల నాటి వానలకు చిక్కుతుంది. రెండూ వేసుకుంటే ఏదో ఒకటి చేతికొస్తుంది. అంతర పంట వేసే మన రైతుకు ఈ లెక్క కొత్తేమీ కాదు.

కొనేటప్పుడు లేబుల్ మీద ఊరి పేరు చూడండి. బోర్డో మీదుగా సముద్రంలో కలిసే జిరోండ్ నదీముఖానికి ఎడమ ఒడ్డున గులకరాళ్ల నేల వేడిని పట్టి ఉంచుతుంది, అక్కడ కాబర్నేది పైచేయి. పోయాక్ ఆ వైపుదే. కుడివైపు పొమెరోల్‌లో చల్లటి బంకమట్టి, అక్కడ మెర్లో ఎక్కువ. వగరు అలవాటు లేకపోతే కుడి ఒడ్డుతో మొదలుపెట్టడం మంచిది.

తాగేటప్పుడు ఒక గుక్కను నోట్లో కాసేపు ఆపండి. పల్చటి మజ్జిగకూ చిక్కటి మజ్జిగకూ నాలుక మీద తెలిసే తేడా లాంటిదే వైన్ బరువు. ఆల్కహాల్ పెరిగే కొద్దీ అదీ పెరుగుతుంది. మింగాక వగరు ఎలా ఉందో గమనించండి, ఇసుకలా గీరుతోందా, మెత్తగా సర్దుకుంటోందా? కోసిన పచ్చి కాప్సికం వాసన బాగా వస్తే పండు సరిగా పండలేదని అనుమానించవచ్చు.

వేటమాంసంతో ఈ వైన్ బాగుంటుంది, మాంసంలోని ప్రోటీనూ కొవ్వూ వగరును తగ్గిస్తాయి. కూరలో కారం మాత్రం తగ్గించండి, ఆల్కహాల్ ఆ మంటను పెంచుతుంది. గది ఉష్ణోగ్రతలో తాగాలనే మాట యూరప్‌లోని చల్లటి ఇళ్లలో పుట్టింది. దానర్థం 16 నుంచి 18 డిగ్రీలు. మన ఎండాకాలంలో సీసాను కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి తీయండి. మరీ చల్లబడితే వగరు ముదురుతుంది, వేడిగా ఉంటే ఆల్కహాల్ ఘాటే ముందు తగులుతుంది.