చెవిలో హోరు: కొలబద్ద మారినప్పుడు మొదలైన తగువు

చెవిలో హోరు, డాక్టర్ల మాటలో టినిటస్, ఆడవాళ్లను ఎక్కువ బాధపెడుతుందా? లేక వాళ్లు ఎక్కువగా చెప్పుకుంటారా? ఈ వాదన మళ్లీ రాజుకుంది. యంత్రాల మోత, తుపాకుల మోత మగవాళ్ల చెవుల్ని దెబ్బతీసిన పాత కథ అందరికీ తెలిసిందే, దాని జోలికి పోవడం లేదు. నా లెక్కలో అసలు మలుపు 1996.

అంతకుముందు డెసిబెల్స్‌దే పెత్తనం. శబ్దం ఎంత పెద్దదో చెప్పే కొలత అది. హెడ్‌ఫోన్స్ పెట్టి వినికిడి పరీక్షించే ఆడియాలజిస్ట్ ఒక శబ్దాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ పోతారు, "ఆ, నా చెవిలో ఇంతే వినిపిస్తోంది" అని మనం చేయెత్తేదాకా. రాత్రంతా కునుకు లేదని వచ్చిన మనిషికి కూడా చాలాసార్లు అది వినికిడి హద్దుకు, అంటే వినగలిగే అతి చిన్న శబ్దానికి, 10 డెసిబెల్స్ పైకి వెళ్లదు. యంత్రం దృష్టిలో అదొక గుసగుస. కునుకు లేకపోవడానికి ఆ కాగితం మీద గడే లేదు.

1996లో న్యూమన్, జేకబ్సన్, స్పిట్జర్ అనే పరిశోధకులు, హోరు పెట్టే బాధను కొలిచే 25 ప్రశ్నల టినిటస్ హ్యాండిక్యాప్ ఇన్వెంటరీ తెచ్చారు. అవునంటే 4, అప్పుడప్పుడూ అంటే 2, లేదంటే 0. మొత్తం నూరు మార్కులు. నిద్ర, చికాకు, ఉద్యోగం, ఇంటిపని అన్నీ అడుగుతారు. హోరు గురించి బాగా ఫిర్యాదు చేస్తుంటారా అన్నది ఆరో ప్రశ్న. అనుమానపు పక్షం పట్టుకునేది ఇలాంటివాటినే: మగవాళ్లు దిగమింగుతారు, ఆడవాళ్లు బయటపెడతారు, మార్కులు పెరగవా మరి? ఆ ఒక్క ప్రశ్నకు సరే అనుకుందాం. నిద్ర పట్టడం లేదనడం కూడా గోలేనా?

తలలు లెక్కపెడితే తేడా దాదాపు లేదు. 2022లో జామా న్యూరాలజీ అనే వైద్య పత్రికలో వచ్చిన ప్రపంచవ్యాప్త లెక్క ప్రకారం పెద్దవాళ్లలో సుమారు 14 శాతం మందికి ఈ హోరు ఉంది, ఆడా మగా ఇంచుమించు సమానం. తీవ్రంగా ఉన్నవాళ్లు 2 శాతం. తగువంతా బాధ దగ్గరే.

అందుకే 2019 నాటి స్వీడన్ అధ్యయనం దగ్గరికి వెనక్కి వెళ్లాలి. 70 వేల మందికి పైగా జవాబులు చూస్తే, తీవ్రమైన హోరుకూ ఆత్మహత్యాయత్నాలకూ సంబంధం ఆడవాళ్లలో కనిపించింది, మగవాళ్లలో కనిపించలేదు. ఇవీ నోటిమాటలే కదా అనొచ్చు, నిజమే. కానీ ఇంత బరువైన మాటను ఊరికే చెప్పుకోవడం అనగలమా? అదే అధ్యయనంలో ఇంకో సంగతి ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా ఎత్తరు. డాక్టర్ పరీక్షించి ఇది టినిటసే అని తేల్చిచెప్పిన వాళ్లలో ఆ సంబంధం కనిపించలేదు.