పూలబుట్ట అరటిగెల పక్కన పెట్టకండి

పర్లాకిమిడి

చిరంజీవులకు అమ్మమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం.

పెద్దక్క పెళ్లికి పూల పనంతా మీరే చేస్తామన్నారట. డెకరేషన్ వాళ్లు చెప్పిన రేటుకి మీ మావయ్యకి నోట మాట రాలేదు. అందుకని నేనూ సరేనన్నాను. ఫోన్లో చెబితే ఒక చెవిన విని ఇంకో చెవిన వదిలేస్తారని ఉత్తరం రాస్తున్నాను.

మల్లెల మీద ఆశ వదులుకోండి. ముహూర్తం మాఘంలో కదా, మల్లె విరగబూసేది ఎండలు ముదిరాకే. ఇప్పుడు దొరికినా అమ్మేవాళ్లు చెప్పిందే ధర. ఈ రోజులు బంతివీ చామంతివీ. బజార్లో ఒడియా వాళ్ల దగ్గర కొనేటప్పుడు బంతిని ‘గెండు’ అని అడగండి, బేరం కాస్త మెత్తబడుతుంది. అక్క జడకి కనకాంబరం, మరువం కలిపి కడదాం. కనకాంబరానికి వాసన లేదని మూతి ముడవకండి, ఆ లోటు మరువం తీరుస్తుంది.

ఇక లెక్క. పందిరి స్తంభం ఎనిమిది అడుగులుంది. మూరంటే అడుగున్నర. దండని పైనుంచి నిలువుగా వేలాడదీస్తే స్తంభానికి అయిదున్నర మూరలు చాలు, నాలుగింటికీ 22 మూరలు. అదే మెలివేసి చుట్టారనుకోండి, ఎంత తెచ్చినా చాలదు. ముందు ఒక్క కిలో బంతి తెచ్చి గుచ్చండి. ఎన్ని మూరలొచ్చిందో చూసుకుని అప్పుడు మిగతాది చెప్పండి. జనం చూపు పడేది మంటపం ముందు, గుమ్మం మీద. పూలు అక్కడే వాడండి. మిగతా పందిరంతా కొబ్బరి మట్టలు, మామిడాకులు, అరటి బోదెలు. వాటికి డబ్బెందుకు, పెరట్లోనే ఉన్నాయి.

బంతిని రేకల్లోంచి గుచ్చితే విడిపోయి రాలుతుంది. అడుగునున్న ఆకుపచ్చ బుడిపెలోంచి దబ్బనం దూర్చండి. కనకాంబరానికి దారం వద్దు, లేత కాడ కోసుకుపోతుంది. ఎండిన అరటి నార సన్నగా చీల్చి, నానబెట్టి, దాంతో కట్టండి. నార తడి పట్టి ఉంచుతుంది కూడా.

బాసికాలు ఇంట్లోనే చేయిస్తాను. జీలుగు బెండు తెచ్చి ఉంచాను. తెల్లగా, తేలిగ్గా, గోరు తగిలితే నొక్కుపడేటంత మెత్తగా ఉంటుంది. ఒడియా వాళ్ల పెళ్లిలో వధూవరులు పెట్టుకునే ముకుటం చూశారుగా, వాళ్లు ‘సోల’ అనేది ఈ బెండునే. 1936లో మన ఊరు ఒడిశాలో కలిసింది గానీ, పెళ్లివారి నుదుటి మీది బెండు అంతకు ముందునుంచీ ఒకటే. మిగిలిన ముక్కల్ని పల్చటి పొరలుగా కోసి చుడితే పూలవుతాయి. వడలవు కనుక నెల ముందే చేసి పెట్టుకోవచ్చు.

ఇప్పుడు అసలు సంగతి. మా చెల్లెలి పెళ్లి వైశాఖంలో అయింది. ముందు రోజు సాయంత్రం కొన్న పూలన్నీ చల్లగా ఉంటుందని చీకటి కొట్లో పెట్టాం. అక్కడే అరటిగెలలు మగ్గేశారు. తెల్లారి తలుపు తీస్తే కమ్మటి పండు వాసన! బుట్ట చూస్తే గులాబీ రేకలు అడుగున రాలి ఉన్నాయి, మల్లెమొగ్గలు విచ్చకుండానే వడిలిపోయాయి. మా అమ్మ దిష్టి అంది. నాకు కారణం చాలా ఏళ్లకి తెలిసింది. అరటి మగ్గేటప్పుడు ఇథిలీన్ అనే వాయువు విడుస్తుంది. కాయని పండు చేసే ఆ వాయువే పువ్వుని తొందరగా వాడ్చేస్తుంది. అందుకే ఈసారి గెలలు వెనక సావిట్లో, పూలు ముందు గదిలో. ఆ రెంటినీ కలిపిన వాళ్లని నేనే వాయిస్తాను.

పూలని ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి ఉంచకండి, ఆవిరి పట్టి కుళ్లుతాయి. బుట్టలో అరటాకు పరిచి, పైన తడిపి పిండిన గుడ్డ కప్పండి. బంతి ముందు రోజు రాత్రి గుచ్చినా ఫరవాలేదు. జడ మాత్రం ముస్తాబుకి కాస్త ముందే కట్టండి.

వచ్చేటప్పుడు దబ్బనాలు తీసుకురండి. ఇంట్లో ఉన్నవి రెండే, అందులో ఒకటి వంకర.

మీ అమ్మమ్మ