మూడో మెరుపుకే ఎందుకు?

బీకరు నీళ్ళలో హైడ్రిల్లా, దాని మీద బోర్లించిన గరాటు, ఆపైన నీళ్ళు నింపిన పరీక్షనాళిక. బడిలో చాలామంది చేసిన ప్రయోగమే. ఎండలో పెడితే బుడగలు ఒక్కొక్కటిగా పైకి లేస్తాయి. ఆ ఆక్సిజన్ ఎక్కడిదని అడిగితే, కార్బన్ డయాక్సైడ్‌లోదని ఠక్కున చెప్పేస్తారు. కాదు, నీటిది. 1941లో అమెరికాలో రూబెన్, కామెన్ బృందం బరువైన ఆక్సిజన్-18 కలిసిన నీటిని క్లోరెల్లా నాచుకు ఇచ్చి చూస్తే, ఆ బరువు బుడగల్లో బయటపడింది.

నీళ్ళను ఎంత మరిగించినా ఆవిరవుతాయే గానీ విడిపోవు. ఆకు ఆ పనిని మామూలు ఎండలోనే చేస్తుంది. కాంతి తగలగానే పత్రహరితం ఒక ఎలక్ట్రాన్‌ను వదులుకుంటుంది. ఆ లోటు నింపుకోవడానికి నీటి ఎలక్ట్రాన్‌నే లాగేస్తుంది. అంత గట్టిగా లాగేది జీవకణాల్లో ఇంకొకటి తెలియదు.

చిక్కంతా లెక్కలోనే. ఒక ఆక్సిజన్ అణువు తయారవ్వాలంటే రెండు నీటి అణువుల నుంచి నాలుగు ఎలక్ట్రాన్లు రావాలి. కాంతి మాత్రం ఒక్కోసారి ఒక్కదాన్నే కదిలిస్తుంది. పని సగంలో ఆగితే కణానికి హాని చేసే హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటివి పుడతాయి.

1969లో ఫ్రాన్స్‌లో పియేర్ జోలియో (మేరీ క్యూరీ మనవడే) చీకట్లో ఉంచిన హరితరేణువుల మీద క్షణకాలపు మెరుపులు వేశాడు. మొదటి మెరుపుకు ఆక్సిజన్ రాలేదు. రెండోదానికీ రాలేదనే చెప్పాలి. మూడోదానికి ఒక్కసారిగా వచ్చింది! ఆ తర్వాత మళ్ళీ ఏడుకు, పదకొండుకు. మరుసటి ఏడాది బెస్సెల్ కోక్ అనే శాస్త్రవేత్త ముడి విప్పాడు. నీటిని విడగొట్టే ప్రతి కేంద్రానికీ నాలుగు మెట్లున్నాయి, మెరుపుకో మెట్టు. చీకట్లో ఆ కేంద్రాల్లో ఎక్కువభాగం ఒక మెట్టు ఎక్కేసి కూర్చుంటాయి, అందుకే మిగిలేవి మూడు. అప్పుడప్పుడు మెరుపు గురి తప్పుతుంది కాబట్టి కాసేపటికి ఈ లయ చెదిరిపోతుంది.

లెక్క పెట్టేది ఒక చిన్న ముద్ద: నాలుగు మాంగనీసు, ఒక కాల్షియం, వాటిని కలిపే ఐదు ఆక్సిజన్ పరమాణువులు. 2011లో జపాన్ శాస్త్రవేత్తలు షెన్, కమియా బృందం వేడినీటి బుగ్గల్లో బతికే సయనోబాక్టీరియాలో (ఆకులాగే ఎండతో నీటిని విడగొట్టే సూక్ష్మజీవులు) దాని రూపాన్ని స్పష్టంగా చూపించారు. చూస్తే వంకరపోయిన కుర్చీలా ఉంటుంది. దాన్ని పట్టి ఉంచే డీ1 అనే ప్రోటీన్ ఎండకు పాడవుతూనే ఉంటుంది. గట్టి ఎండలో దాదాపు అరగంటకోసారి ఆకు దాన్ని మార్చుకోవాల్సిందే.

ఇంత తెలిసినా, చివరి మెట్టు మీద రెండు ఆక్సిజన్ పరమాణువులు ఎలా జతకడతాయన్నదాని మీద వాదన ఇంకా నడుస్తూనే ఉంది.