ఇంట్లో కాఫీ మొక్క: గింజ నుంచి కప్పు దాకా అపోహలు, వాస్తవాలు

కాఫీ నారు పెంచడం నా పని. ఇంట్లో పెంచుకుంటామని మొక్కలు, గింజలు తీసుకెళ్లినవాళ్లు తర్వాత అడిగే ప్రశ్నల్లో చాలావాటికి మూలం ఒక్కటే. కాఫీ అంటే ఎండలో వరసలుగా నాటే పంట అని వాళ్ల మనసులో ఉంటుంది. నిజానికి అది అడవి పొద. కాఫీలోని రెండు ప్రధాన రకాల్లో ఒకటైన అరబికా పుట్టిల్లు ఇథియోపియా నైరుతి కొండల అడవులు. అక్కడ పెద్ద చెట్ల కింద, రాలిన ఆకులు కుళ్లిన మెత్తటి నేలలో పెరిగింది. నీడ, నీళ్లు, మట్టి, పూత, దేని గురించి అనుమానం వచ్చినా ఆ అడవిలో దీనికి ఏం దొరికేదో ఆలోచించండి. చాలావాటికి జవాబు దొరుకుతుంది.

అపోహ: కొట్లో కొన్న కాఫీ గింజ నాటినా మొలుస్తుంది

వేయించిన గింజ సంగతి చెప్పక్కర్లేదు, అందులో ప్రాణం ఉండదు. పచ్చి గింజల దగ్గరే అసలు తికమక. కాఫీ గింజ ధాన్యాల్లాగా ఏళ్ల తరబడి నిలవ ఉండదు. మామూలు గది వాతావరణంలో అరబికా గింజ నాలుగైదు నెలలు దాటితే మొలకశాతం బాగా పడిపోతుంది. రెండో రకమైన రోబస్టా అంతకంటే ముందే చేతులెత్తేస్తుంది. కొట్లోకి వచ్చే పచ్చి గింజ అప్పటికే బాగా ఎండి, పైన పలచటి పెంకులా ఉండే పార్చ్‌మెంట్ పొర మరలో ఒలిచేసి, గోదాముల్లో నెలలు గడిపి ఉంటుంది. గుప్పెడు నాటితే ఒకటో అరో మొలవొచ్చు, అదీ అదృష్టం బాగుంటే.

నాటడానికి కావలసింది చెట్టు మీద పండిన తాజా పండు. పండును వేళ్లతో నొక్కితే రెండు గింజలు బయటికి జారతాయి. వాటికి జిగురు ఉంటుంది. ఒక రోజు నీళ్లలో ఉంచి, రుద్ది కడిగితే పోతుంది. అప్పుడు నీళ్లలో తేలిన గింజలు పారేయండి, మునిగినవే పనికొస్తాయి. ఎండలో కాదు, నీడలో ఆరబెట్టండి. కొన్ని వారాల్లోనే నాటేయండి.

అపోహ: రెండు వారాల్లో మొలక రాలేదంటే గింజ పాడైపోయినట్టే

నాకు ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఇదే. కాఫీ మొలకకు నెల నుంచి రెండు నెలలు పడుతుంది. మట్టి చల్లగా ఉంటే ఇంకా ఆలస్యం. 28 నుంచి 30 డిగ్రీల వెచ్చదనంలో త్వరగా లేస్తుంది. పార్చ్‌మెంట్ పొరను గోటితో జాగ్రత్తగా ఒలిచి నాటినా కొన్ని రోజులు కలిసొస్తాయి. కానీ లోపలి గింజకు గాటు పడితే అది కుళ్లుతుంది, కాబట్టి చేయి తిరగనివాళ్లు ఒలవకుండానే నాటడం మేలు.

గింజ చదునైన వైపు కిందికి పెట్టి, సెంటీమీటరు లోతులో నాటండి. తడి ఉండాలి, బురద ఉండకూడదు. ఏమైందో చూద్దామని మధ్యలో తవ్వి చూసేవాళ్లున్నారు. దయచేసి తవ్వొద్దు, వేరు అప్పుడే దిగుతూ ఉంటుంది.

మొదట కాడ వంగి పైకి లేస్తుంది, ఆ తర్వాత నిటారుగా నిలబడి గింజను టోపీలా నెత్తిన మోస్తుంది. ఆ టోపీ ఊడి రెండు గుండ్రటి ఆకులు విచ్చుకోవడానికి మళ్లీ కొన్ని వారాలు. ఆగలేక దాన్ని చేత్తో లాగితే లోపలి ఆకులు చిరిగిపోతాయి. పొర మరీ ఎండిపోయి బిగుసుకుంటే రోజుకు రెండుసార్లు నీళ్లు చిలకరించండి, అదే వదులవుతుంది.

అపోహ: వెడల్పాటి కుండీ అయితే చాలు

వెడల్పు కంటే లోతు ముఖ్యం. కాఫీకి నిటారుగా దిగే తల్లివేరు ఉంటుంది. నారు మార్చేటప్పుడు ఆ వేరు కొస గుంటలో పట్టక పైకి మడిచి పెట్టేస్తే, ఆ వంకర అలాగే ఉండిపోతుంది. మొదటి రెండేళ్లు తేడా కనబడదు. కాపుకొచ్చే సమయానికి మొక్క గిడసబారి, చిన్న ఎండకే వాడిపోతుంది. పైన ఎన్ని ఎరువులు వేసినా అది బాగుపడదు. వేరు పొడవుగా ఉంటే మడవకండి, కొసను పదునైన కత్తెరతో కొంచెం కత్తిరించి నాటండి.

అపోహ: నీడ మొక్కే కదా, గదిలో ఏ మూలైనా బతుకుతుంది

బతకడం వేరు, కాయడం వేరు. చెట్ల కింది నీడ అంటే చీకటి కాదు, ఆకుల సందుల్లోంచి రోజంతా వెలుతురు పడుతూనే ఉంటుంది. గది మూలలో పెడితే కాడ సన్నగా సాగి, కణుపుల మధ్య దూరం పెరిగి, పూత రాదు. మధ్యాహ్నం ఎండలో పెడితే ఆకులు పాలిపోయి, మాడిన మచ్చలు పడతాయి. పొద్దుటి ఎండ తగిలే కిటికీ, లేదా పలచటి నీడ పడే బాల్కనీ సరిపోతుంది. అరబికాకు 18 నుంచి 24 డిగ్రీలు హాయి. 30 దాటిన ఎండలు రోజుల తరబడి ఉంటే ఎదుగుదల మందగిస్తుంది, మంచు పడితే ఆకులు నల్లబడి రాలిపోతాయి.

అపోహ: వాడిన కాఫీ పొడి కాఫీ మొక్కకు అమృతం

వినడానికి బాగుంటుంది. కాఫీకి కొంచెం పులుపున్న మట్టి కావాలి, పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య. కాఫీ పొడి పులుపు కదా అని మొక్క మొదలు దగ్గర పోసేస్తుంటారు. కానీ ఆ పులుపులో చాలా భాగం మీరు తాగేసిన డికాషన్‌లోనే వెళ్లిపోయింది. మిగిలిన పిప్పి చాలావరకు ఇటూ అటూ కాకుండా ఉంటుంది. పచ్చిగా కుండీ మీద పరిస్తే గట్టి అట్ట కట్టి నీటిని కిందికి దిగనివ్వదు, బూజు పడుతుంది. అందులో మిగిలిన కెఫీన్ లేత మొక్కల ఎదుగుదలను అణుస్తుంది కూడా. కంపోస్టులో కలిపి బాగా కుళ్లిన తర్వాత వేయండి, అప్పుడు మంచిదే.

పులుపు తగ్గిందని మొక్కే చెబుతుంది. కొత్త ఆకులు పసుపుపచ్చగా మారి ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయంటే ఇనుము అందడం లేదు. చాలాసార్లు దీనికి కారణం సున్నం ఎక్కువున్న కుళాయి నీళ్లు. వాన నీళ్లు పట్టి పోస్తే తేడా తెలుస్తుంది. కింది పాత ఆకులు పసుపెక్కితే అది నత్రజని కొరత, దానికి వైద్యం వేరు.

అపోహ: కెఫీన్ ఉంది కాబట్టి పురుగులు రావు

పిండినల్లి ఈ మాట వినలేదు. ఆకు తొడిమల దగ్గర తెల్లటి దూదిలాంటిది కనిపిస్తే అదే. చీమలు బారులు తీరి ఎక్కుతుంటే ఎక్కడో ఒకచోట అది ఉన్నట్టే. తడి గుడ్డతో తుడిచి, పలచటి సబ్బు నీళ్లో వేపనూనో కొడితే ఇంటి స్థాయిలో అదుపులోకి వస్తుంది. పొలుసు పురుగూ, గాలి పొడిగా ఉన్న గదుల్లో ఎర్రనల్లీ కూడా వస్తాయి. ఆకు అడుగున నారింజ రంగు పొడి కనిపిస్తే తుప్పు తెగులు. 1869లో శ్రీలంకలో బయటపడి అక్కడి కాఫీ తోటలను తుడిచిపెట్టిందీ, ఆ నేలలో తేయాకు రావడానికి దారి తీసిందీ ఇదే. ఆ ఆకులు కోసి పారేయండి, కంపోస్టులో వేయకండి.

కెఫీన్ పనిచేసేది ఇంకొకచోట. కుక్కలు, పిల్లులు ఆకులు, గింజలు నమిలితే వాటికి ప్రమాదం. కుండీ అందకుండా పెట్టండి.

అపోహ: ఒక్క మొక్క కాయదు, జత ఉండాలి

అరబికా తన పుప్పొడితో తానే కాయ కడుతుంది, ఒక్కటి చాలు. రోబస్టా అలా కాదు. దానికి వేరే మొక్క పుప్పొడి కావాల్సిందే. మీ దగ్గరున్నది ఏ రకమో కొనేటప్పుడే అడిగి తెలుసుకోండి.

అపోహ: రోజూ సమానంగా నీళ్లు పోస్తే పూత బాగా వస్తుంది

నాలుగేళ్లు నిండినా, పచ్చగా నిగనిగలాడుతున్నా పూయని మొక్కల్లో చాలావాటి కథ ఇదే. గింజ నుంచి పెంచిన అరబికా మూడు నాలుగేళ్లకు పూతకొస్తుంది. పగటి వెలుగు తగ్గే రోజుల్లో కణుపుల దగ్గర మొగ్గలు కడతాయి, కాసింత ఎదిగి నిద్రలోకి వెళ్తాయి. అడవిలో అప్పుడు పొడి కాలం. ఆ పొడి కాలం తర్వాత పడే మొదటి గట్టి వాన ఆ మొగ్గల్ని లేపుతుంది. ఇంట్లో మనం రోజూ నీళ్లు పోస్తూ ఆ పొడి కాలం లేకుండా చేస్తున్నాం. మొగ్గ పడుకోదు, లేవదు. ఒకటీ అరా పూలు ఎప్పుడో వచ్చి పోతాయి.

మొగ్గలు కనిపించాక ఒకటి రెండు నెలలు నీళ్లు తగ్గించండి. పూర్తిగా ఎండగట్టమని కాదు. ఆకులు కొద్దిగా వాలినప్పుడు కొంచెం తడపాలి, అంతే. తర్వాత ఒక రోజు కుండీ అడుగు నుంచి నీళ్లు కారేదాకా పోయండి. ఎనిమిది పది రోజుల్లో కొమ్మలన్నీ తెల్లగా విచ్చుకుంటాయి, వాసన మల్లెను గుర్తు చేస్తుంది. పూలు రెండు మూడు రోజులే ఉంటాయి. గాలి తగలని గదిలో ఉంటే కొమ్మను మెల్లగా తడితే చాలు, పుప్పొడి రాలుతుంది.

పూలు రాలాక ఆరేడు వారాలు పిందెలు గుండుసూది తలంతే ఉంటాయి, ఏమీ పెరగవు. కాయ మాడిపోయిందని దిగులుపడొద్దు, ఎరువులు కుమ్మరించొద్దు. ఆ తర్వాత వేగంగా ఊరతాయి. అరబికా పండటానికి పూత నుంచి ఏడు నుంచి తొమ్మిది నెలలు.

అపోహ: ఎంత కత్తిరిస్తే అంత గుబురుగా పెరుగుతుంది

గులాబీకి చెల్లే మాట ఇది. కాఫీకి రెండు రకాల కొమ్మలుంటాయి: నిలువుగా ఎదిగే కాండం, అడ్డంగా సాగే కొమ్మలు. కాయ కాసేది అడ్డ కొమ్మల మీద, అదీ ప్రధానంగా కిందటేడు పెరిగిన భాగం మీద. కాండానికి ఆనుకుని ఉన్న అడ్డ కొమ్మను మొదలంటా తీసేస్తే ఆ కణుపు నుంచి మళ్లీ అలాంటి కొమ్మ రాదు. వస్తే నిలువు పిలక వస్తుంది. అడ్డ కొమ్మను ముక్క చేసి నాటినా అది నేల మీద పాకుతుందే తప్ప నిటారుగా లేవదు. కాబట్టి కత్తెర పని తక్కువే: కావలసిన ఎత్తులో తల తుంచడం, అడుగు నుంచి వచ్చే పిలకలు తీసేయడం, ఎండిన పుల్లలు కోయడం.

అపోహ: ఒక మొక్క ఉంటే ఇంటికి సరిపడా కాఫీ

కప్పుకు 15 గ్రాముల పొడి అనుకుంటే, వేయించడంలో పోయే బరువు కలిపి సుమారు 18 గ్రాముల పచ్చి గింజ కావాలి. కిలో పచ్చి గింజకు ఐదారు కిలోల పండ్లు పడతాయి. అంటే ఒక కప్పు వెనక వంద గ్రాముల పండ్లు, ఇంచుమించు అరవై కాయలు. కుండీ మొక్క మొదటి కాపులో కొన్ని కప్పులు ఇచ్చినా సంతోషించాల్సిందే. ఎక్కువ కాయించాలని చూడకండి. కాఫీ మొక్క మోయలేనన్ని కాయలు పట్టినా రాల్చుకోదు, ఆకులు పోగొట్టుకుని కొమ్మ చివర్ల నుంచి ఎండుతుంది. లేత మొక్కకు గుత్తులు మరీ ఒత్తుగా వస్తే కొన్ని పిందెలు మీరే తుంచేయండి.

అపోహ: కోసిన కాయను ఎండబెట్టి వేయిస్తే అయిపోయింది

కోత దగ్గరే రుచి సగం తేలిపోతుంది. కాయలన్నీ ఒకేసారి పండవు, పూర్తిగా ఎర్రబడినవే కోయాలి. పండినా పసుపుగానే ఉండే రకాలూ ఉన్నాయి, వాటిని నొక్కి చూడాలి. పచ్చికాయ కలిస్తే కప్పులో వగరు వస్తుంది.

అదే రోజు గుజ్జు తీసి, నీళ్లలో ఒక రోజు, ఒకటిన్నర రోజు నాననివ్వండి. గింజను రెండు వేళ్ల మధ్య రుద్దితే జారకుండా గరగరలాడితే జిగురు పోయినట్టు. ఎక్కువసేపు వదిలేస్తే పులిసిన వాసన గింజకు పడుతుంది, తర్వాత పోదు. కడిగి పలచగా ఆరబెట్టి, రోజుకు నాలుగైదుసార్లు తిప్పుతూ ఉండండి. వారం నుంచి రెండు వారాలు పడుతుంది. తేమ 10 నుంచి 12 శాతానికి రావాలి. కొలిచే పరికరం లేకపోతే పార్చ్‌మెంట్ తీసి గింజను కొరికి చూడండి: పంటి గాటు పడితే ఇంకా ఆరాలి.

వేయించే ముందు పార్చ్‌మెంట్ ఒలవాలి. కొద్దిపాటి గింజలకు వేళ్లే మర. మందపాటి మూకుడులో ఆపకుండా కలుపుతూ వేయించండి, కిటికీలు తెరిచి ఉంచండి, పొగ బాగా వస్తుంది. సుమారు 200 డిగ్రీల దగ్గర గింజలు చిటపటమంటాయి. ఆ చప్పుడు సద్దుమణిగాక మీకు నచ్చిన రంగు దగ్గర దించి, వెంటనే జల్లెడలో పోసి విసురుతూ చల్లార్చండి, పొట్టు కూడా ఎగిరిపోతుంది. అప్పటికప్పుడు పొడి కొట్టుకోకండి. వేయించిన గింజలోంచి బొగ్గుపులుసు వాయువు బయటికి పోవడానికి కనీసం ఒక రోజు ఇవ్వండి. డబ్బా మూత ఆ రోజంతా కాస్త వదులుగానే ఉంచండి.