"ఏదో ఒక బీఎస్సీ" అనేవాళ్ళ కోసం: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

దోస్త్ (తెలంగాణలో డిగ్రీ సీట్లకి ఆన్‌లైన్ అడ్మిషన్లు) వెబ్ ఆప్షన్లు మొదలైతే చాలు, హెల్ప్‌డెస్క్‌లో నా ముందు కూర్చున్న ప్రతి రెండో తండ్రిదీ ఒకటే మాట. "మేడం, ఏదో ఒక బీఎస్సీ పెట్టుండ్రి, డిగ్రీ అయితే చాలు, తర్వాత ఏదన్నా చేస్కుంటడు." పక్కన పిల్లాడు ఫోన్ చూసుకుంటూ ఉంటాడు. హైదరాబాద్‌లో కెమిస్ట్రీ చెప్పుకుని బతికేదాన్ని, ఏటా ఇదే వింటున్నా, ఏటా గొంతు పోయేలా చెప్తున్నా. ఈసారి రాసి పెడదామనిపించింది.

అపోహ: ఏ కాంబినేషనైనా, అంటే ఏ మూడు సబ్జెక్టులు కలిపి తీసుకున్నా, డిగ్రీ డిగ్రీయే.

ఈ మాట ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. గ్రూప్ వన్, గ్రూప్ టూ, బ్యాంక్ పీవో, వీటన్నిటికీ "ఎనీ డిగ్రీ" అనే ఉంటుంది, అక్కడ అది నిజమే. ఆ ఒక్క నిజాన్ని పట్టుకుని నెట్ సెంటర్ అన్న, మేనత్త కొడుకు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ అందరూ పీజీకి కూడా అంటగట్టేశారు. పీజీ దగ్గర కథ వేరు. సీపీగెట్‌లో, అంటే ఇక్కడి యూనివర్సిటీల పీజీ ఎంట్రన్స్‌లో, ఎమ్మెస్సీ కెమిస్ట్రీకి డిగ్రీలో కెమిస్ట్రీ ఉండాలి. ఎమ్మెస్సీ ఫిజిక్స్‌కైతే ఫిజిక్స్ ఒక్కటీ సరిపోదు, మ్యాథ్స్ కూడా కావాలి. "ఇంటర్‌లో చదివా కదా మేడం" అంటారు, ఇంటర్‌లో చదివింది ఇక్కడ లెక్కలోకి రాదు నాన్నా. ఎడ్‌సెట్ రాసి బీఈడీకి వెళ్తే మెథడాలజీ (ఏ సబ్జెక్టు బోధించడం నేర్చుకుంటారో అది) కూడా డిగ్రీ సబ్జెక్టుల్ని బట్టే, రేపు టీచర్ పోస్టు నోటిఫికేషన్ పడ్డా డిగ్రీలో ఏం చదివావని చూస్తారు. ఎమ్మెస్సీ సీట్ల కోసం ఐఐటీలు పెట్టే జామ్ పరీక్షలో మంచి ర్యాంకు తెచ్చుకున్నా సీటిచ్చే ముందు అడిగేది అదే.

మన దగ్గర బీఎస్సీ అంటే మూడు సబ్జెక్టులు పట్టుకుని ఆరు సెమిస్టర్లు నడవడం, లాంగ్వేజీలూ స్కిల్ పేపర్లూ దాని చుట్టూ వస్తుంటాయి. బకెట్ సిస్టం (గుంపులుగా పెట్టిన సబ్జెక్టుల్లోంచి ఏరుకునే పద్ధతి) వచ్చాక కాంబినేషన్లు ఎన్ని రకాలో, చదువుతుంటే హోటల్ మెనూలా ఉంటుంది. అందులో మీరు వేలు పెట్టిన ఆ మూడు పేర్లే మెమోల మీద మిగిలేది.

రెండేళ్ళ కింద ఒక ఫైనలియర్ అబ్బాయి ల్యాబ్ బయట నిలబడ్డాడు, లోపలికి రావాలా వద్దా అన్నట్టు. మా డిపార్ట్‌మెంట్ కాదు, మ్యాథ్స్ స్టాట్స్ కంప్యూటర్స్. వాళ్ళన్న జీడిమెట్లలో ఫార్మా కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ కెమిస్టట, తనూ ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసి అటే పోదామని. "ఇంటర్‌లో కెమిస్ట్రీ 60కి 58 మేడం" అని పాత మెమో తీసి చూపించాడు, మడతల దగ్గర చిరిగిపోతే టేపు అంటించుకున్నాడు. ఆప్షన్లు ఎవరు పెట్టారంటే నెట్ సెంటర్లో పెట్టారట, కంప్యూటర్స్ ఉంటే జాబ్స్ వస్తయ్ అన్నారట, నాన్న ఆటో బయట పెట్టి తొందర చేశాడట. పది నిమిషాల పని. నేనేం చెప్పగలను, కెమిస్ట్రీ లేదు కాబట్టి దారి లేదని చెప్పా. ఇప్పుడు స్టాటిస్టిక్స్‌లో పీజీ చేస్తున్నాడు, బానే ఉన్నాడు, కనిపించినప్పుడల్లా మాత్రం "ఈసారి ల్యాబ్‌లో సాల్ట్ అనాలసిస్‌కి ఏమిచ్చారు మేడం" అని అడుగుతాడు.

నా కథా అంత గొప్పదేం కాదు. ఎంసెట్‌లో మెడిసిన్ రాక బీజెడ్‌సీలో (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) పడ్డా, ఆ మూడో సబ్జెక్టు కెమిస్ట్రీ కావడం నా అదృష్టం, ప్లాన్ చేసుకున్నదేం కాదు. దాంతోనే ఎమ్మెస్సీలో కూర్చున్నా, మొదటి సెమిస్టర్లో డిఫరెన్షియేషన్ లెక్కలు చూసి హాస్టల్‌కొచ్చి ఏడ్చిన రోజులూ ఉన్నాయి.

కాబట్టి వెనక నుంచి రండి. ముందు సీపీగెట్, ఎడ్‌సెట్ అర్హతలు తీసి చదవండి, తర్వాత కాంబినేషన్ ఎంచుకోండి. దోస్త్‌లో కాలేజీ ఒక్కటే కాదు, కాలేజీ ప్లస్ కాంబినేషన్ కలిపితే ఒక ఆప్షన్, ఒకే కాలేజీ పేరు ఐదు సార్లు కనిపిస్తే కంగారు పడకండి. సేవ్ కొట్టే ముందు మూడు సబ్జెక్టుల పేర్లూ పైకి చదవమనండి, పిల్లాడితోనే. తప్పు పడితే అదే కాలేజీలో మార్చుకోవడానికి ఇంట్రా కాలేజీ ఫేజ్ అని ఒకటి ఉంటుంది, క్లాసులు సాగిపోయాక మాత్రం నా దగ్గరికొచ్చి లాభం లేదు.

ఇక మిగతావి గబగబా.

ప్రాక్టికల్స్‌లో ఫుల్ వస్తే థియరీ కవర్ అయిపోతుందా? క్రెడిటంటే లెక్కలో ఆ పేపర్‌కున్న బరువు. థియరీ 4 క్రెడిట్లు, ప్రాక్టికల్ 1. థియరీలో గ్రేడ్ పాయింట్ 5, ప్రాక్టికల్లో 10 అనుకోండి, 20కి 10 కలిపి ఐదుతో భాగిస్తే 6. పదికి పది తెచ్చుకుంటే పెరిగింది ఒక్క పాయింటు. పైగా రెండూ విడివిడిగా పాసవ్వాలి.

నాలుగేళ్ళ ఆనర్స్ లేకపోతే ఎమ్మెస్సీ లేదంటున్నారు? ఎవరండీ అనేది. మూడేళ్ళ డిగ్రీతో రెండేళ్ళ ఎమ్మెస్సీకి శుభ్రంగా వెళ్ళొచ్చు. 2022లో యూజీసీ (యూనివర్సిటీలకి నిబంధనలు పెట్టే కేంద్ర సంస్థ) ఇచ్చిన ఫ్రేమ్‌వర్క్‌లోనూ మూడేళ్ళకి 120, నాలుగేళ్ళకి 160 క్రెడిట్లని రెండు దారులూ ఉన్నాయి.

ఒక్క బ్యాక్‌లాగ్ పడితే జీవితం అయిపోయిందని రాత్రి పదింటికి ఫోన్ చేసి ఏడ్చే పిల్లలుంటారు. అయిపోలేదు తల్లీ, మళ్ళీ రాసి పాసవ్వు. అవి మరీ ఎక్కువ పోగుపడితే పై ఏడాదికి ప్రమోట్ అవ్వడానికి ఇబ్బంది, భయపడాల్సింది దానికి.

ఒకేసారి రెండు డిగ్రీలు చట్టవిరుద్ధమంటారు, అదీ పాత మాటే. 2022 నుంచి యూజీసీ ఒప్పుకుంది, ఒకటి రెగ్యులర్, ఇంకోటి దూరవిద్యలోనో ఆన్‌లైన్లోనో చేసుకోవచ్చు. ఇది నన్నడిగిన అబ్బాయికి అప్పటికి మా క్లాసులో అటెండెన్స్ 41 శాతం. కావాల్సింది 75. ముందు ఈ డిగ్రీకి రా బాబూ అన్నా.